గిటారుపై లయసాధన

సంగీతము నేర్చిన సోదరీమణులు మన పత్రిక చదువువారిలో పెక్కుమంది యుందురు. వీణ, ఫిడేలు, హార్మోనియములను గూర్చి మేము వ్రాయబోయినచో వారికి తెలిసినంత మాకు తెలియదని మొదటి పుటలోనే బయటపడును. కావున వారు సామాన్యముగా చేతబట్టని యొక వాద్యమును గూర్చియు, ఆ వాద్యమున పాట పలికింపక లయ మాత్రమే నడపు నొక పద్ధతిని గూర్చియు వ్రాయ సాహసించుచున్నాము. ఆ వాద్యము గిటారు. ఆ పద్ధతి అమెరికాదేశమున టెక్సాసు, ఓక్లహోమా రాష్ట్రములలో 1930 ప్రాంతమున పుట్టిన ‘వెస్టర్న్ స్వింగ్’ అను నాట్యసంగీతమునకు చెందినది. నారాయణఖేడులో నొక బడిపంతులుగారి భార్యకు దీనితో నేమి పని యని నవ్వుకొనువారు నవ్వుకొందురు గాక. మొదట మేమును నవ్వుకొన్నవారమే.

మా తండ్రిగారు తపాలాశాఖలో పనిచేసి విరమించినవారు. ఫిడేలు వారికి ప్రాణము. మాకు వారు ఇంటనే అమరము, రఘువంశము, భారతభాగవతములు చెప్పిరి. మా తమ్మునికి ఫిడేలు చెప్పిరి. ఇది పక్షపాతమని వారికి తోచలేదు. ఆ వయస్సున మాకును తోచలేదు. తమ్ముడు వరుసలు వాయించునపుడు ఎదుట కూర్చుండి తొడపై తాళము వేయుట మా పని. వాడు తప్పినప్పుడెల్ల తండ్రిగారు మా వంక తిరిగి, “తాళము సరిగా వేయవేమే!” అని కసరెడివారు. తప్పు వానిదైనను తిట్టు మాది. పదియేండ్లు అట్లే గడచినవి. ఇతర విద్య యేదియు చేతికి రాకున్నను లయ మాత్రము మాకు వచ్చునని, పెండ్లియై యిద్దరు బిడ్డలు కలిగిన పిదపను, ఒక చిన్న గర్వమును మనస్సున దాచుకొనియే యుంటిమి.

తమ్ముడు ఉద్యోగార్థమై డల్లాసు నగరమునకు పోయెను. ఆ ప్రాంతమున మన తెలుగువారు వేలకొలదిగా నున్నారు. గుడులు, బడులు, పచ్చళ్ల అంగళ్లు అన్నియు కలవట. ఉద్యోగపు తొందరలో వాని ఫిడేలు పెట్టెలోనే నిద్రించుచుండెను. ఒక యేప్రిలు నెలలో స్నేహితులతో గూడి టర్కీ అను చిన్న ఊరికి పోయినాడు. పేరు దేశముది, ఊరు టెక్సాసుది. బాబ్ విల్స్ అను ఫిడేలు విద్వాంసుని పేర నచ్చట ఏటేట ఉత్సవము జరుగును. చెట్టునీడను ముదుసలులు వలయముగా కూర్చుండి, ఒకరు ఫిడేలు వాయించుచుండగా నలుగురు గిటార్లతో లయ పట్టుచుండిరట. వాడు ఇంటికి పోయి పెట్టె తెఱచినాడు. తరువాతి సంక్రాంతికి ఇచ్చటికి వచ్చినపుడు హైదరాబాదున నొక గిటారు కొని మేనల్లునికి కానుకగా నిచ్చి పోయెను. మేనల్లుడు దానిని నాలుగు దినములు గీకి క్రికెట్టు బ్యాటు చేతబట్టినాడు. గిటారు బియ్యపు డబ్బా వెనుకకు చేరినది. “ఎవరైన లయ పట్టినచో నా ఫిడేలు బ్రతుకును, అక్కా” అని తమ్ముడు ఫోనులో అనుచుండగా మా వారు మా వంక చూచి, “తాళము వేసిన చేయి ఇంట నుండగా వెదకుటెందులకు?” అనిరి.

ఈ సంగీతపు పుట్టుకలో వంటయింటికి సంబంధించిన ముచ్చట యొకటి కలదు. 1931లో ఫోర్ట్‌వర్త్ నగరమున నొక పిండిమిల్లువారు తమ గోధుమపిండిని రేడియోలో ప్రకటించుటకై చిన్న మేళము నొకదానిని పెట్టుకొనిరి. పిండి పేరే మేళమునకు వచ్చినది: లైట్ క్రస్ట్ డోబాయిస్. అందు ఫిడేలు వాయించినవాడు పైన చెప్పిన బాబ్ విల్స్ (1905–1975), పాడినవాడు మిల్టన్ బ్రౌన్ (1903–1936). రొట్టెల పిండి ఎంత అమ్ముడుపోయినదో కాని, ఆ యిరువురును త్వరలోనే వేఱుపడి తమ తమ మేళములను కట్టుకొనిరి. విల్స్ పత్తి పండించు కుటుంబమున పుట్టి, చేలలో పత్తి తీయు నల్లజాతివారి పాటలు వినుచు పెరిగినవాడు. పల్లెల ఫిడేలు వరుసలకు ఆ నల్లవారి పాటల వేదనయు, నగరముల జాజ్ మేళముల ఊపును తోడై యీ సంగీతమైనది. 1934లో ఆయన టల్సా పట్టణము చేరి, కెయిన్స్ అను నాట్యశాలలో ఏండ్ల తరబడి జనమును ఆడించెను. మా యూరి చుట్టును పత్తిచేలే. తీతకాలమున కూలిస్త్రీలు వరుసగా నడచుచు పాడుకొను పాట వినునపుడు ఆ దూరదేశపు కథ మాకు కొత్తగా తోచదు. 2011లో టెక్సాసు శాసనసభ దీనిని తమ రాష్ట్రసంగీతముగా ప్రకటించినది.

మేళమున ముందు నిలుచుండి మన్ననలందువారు ఫిడేలు, పాట, స్టీలు గిటారు వారు. లయగిటారు వాడు వెనుక కుర్చీలో కూర్చుండును. స్వరకల్పన చేయడు, రాగమాలపింపడు. నాలుగు గణనములకు నాలుగు మీటులు మీటుటయే వాని పని. 1937లో ఎల్డన్ షాంబ్లిన్ (1916–1998) అను నాతడు విల్స్ మేళమున చేరి, గణనమునకొక స్వరసముదాయము మార్చుచు, మందరతంత్రిపై మెట్లెక్కి దిగుచున్నట్లు నడచు పద్ధతిని నెలకొల్పెను. అదే 1937లో కౌంట్ బేసీ గారి జాజ్ మేళమున ఫ్రెడ్డీ గ్రీన్ (1911–1987) చేరి, మరణము వరకు, అనగా 50 ఏండ్లు, ఆ కుర్చీ విడువలేదు. ఆయన తన గిటారుకు విద్యుత్తు తగిలింపక వాయించెను. ఇరువది మంది నడుమ అది విడిగా వినబడుట అరుదు. ఆపివేసినచో మాత్రము మేళమంతయు కాలు జాఱినట్లగును. స్త్రీల సంగతి యడుగుదురేమో! విల్స్ మేళమున 1943లో లారా లీ అను నామె గాయనిగా చేరెను. లయగిటారు కుర్చీ మాత్రము పెద్ద మేళములలో మగవారిదే యయ్యెను.

ఇంతకును చేయవలసిన పని యేమి? గిటారున కాఱు తంత్రులు. ఈ పద్ధతిలో మూటినే పలికింతురు: అన్నిటికంటె లావైన ఆఱవది, నడుమనుండు నాల్గవ మూడవ తంత్రులు. ఐదవదానిని వ్రేలి కండతో తాకి మూయవలెను. రెండవది, మొదటిది మ్రోగరాదు. ఆఱవ తంత్రిపై మూడవ మెట్టును, నాల్గవదానిపై రెండవ మెట్టును, మూడవదానిపై నాల్గవ మెట్టును నొక్కి ఒక్కమారు క్రిందికి మీటుడు. ఆఱవ తంత్రి స్వరమును షడ్జమనుకొన్నచో, షడ్జమము, చతుశ్శ్రుతి ధైవతము, అంతర గాంధారము కలిసి పలుకును. పంచమము లేదు! తంబురా ప్రక్కన పెరిగిన చెవికి ఇది ఉప్పు లేని పప్పువలె నుండెను. పంచమమును ఫిడేలువాడో పాడువాడో తెచ్చుకొనును, నీవు చోటు విడిచియుంచుము, అని తమ్ముడు వ్రాసినాడు.

రెండవ గణనమునకు ఆఱవ, నాల్గవ తంత్రులపై వ్రేళ్లు ఒక్కొక్క మెట్టు ముందుకు జరుగును; మూడవ తంత్రి వ్రేలు కదలదు. ఇప్పుడు పలుకునవి శుద్ధ రిషభము, కైశికి నిషాదము, అంతర గాంధారము. ఒంటిగా విన్నచో ఎవరో గిన్నె జారవిడిచినట్లుండును. మూడవ గణనమునకు మూడు వ్రేళ్లును ఐదవ మెట్టున చేరును: చతుశ్శ్రుతి రిషభము, షడ్జమము, శుద్ధ మధ్యమము. నాల్గవ గణనమునకు నాల్గవ తంత్రి వ్రేలొక్కటే ఒక మెట్టు వెనుకకు దిగును. షడ్జమము కాకలి నిషాదమగును. ఆ నిషాదము మరల షడ్జమము చేరువఱకు నిలువలేదు గనుక మొదటి పట్టునకు తిరిగి వత్తుము. రిషభము నుండి రిషభమునకు అడుగు వేయుచు పోవు నీ నడకను అర్థము చేసికొన్ననాడు, సంధిసూత్రము మొదటిసారి బోధపడిన బాల్యదినము జ్ఞప్తికి వచ్చినది. ఏ వర్ణము నిలుచును, ఏ వర్ణము మాఱును, అంతయే కదా.

మఱి ఎడమచేతి రహస్యమొకటి. మీటిన మరుక్షణమే వ్రేళ్లను తంత్రుల నుండి ఎత్తక, అదుము మాత్రము సడలింపవలెను. నాదము టక్కున ఆగును. ఒకటవ, మూడవ గణనములు కొంచెము నిలిచి, రెండవ, నాల్గవ గణనములు పొట్టిగా, గట్టిగా తెగిపడవలెను. మన తాళమున మొదటి దెబ్బకు గౌరవ మెక్కువ. ఇచ్చట ఊనిక రెంటను, నాల్గిటను పడును. ఫిడేలువాడు మాత్రము గణనమును తిశ్రముగా చీల్చి, ‘తకిట’లో నడిమి అక్షరమును మ్రింగి, త–ట, త–ట అని ఊగుచు పోవును. స్వింగ్ అనగా ఆ ఊపే. లయగిటారు ఆ ఊపును తాను వాయింపదు. నాలుగు మీటులతో నేల పరచి ఊరకుండును. మన వీణ ప్రక్కనుండు మూడు తాళతంత్రులను తలచుకొనుడు. చిటికెన వ్రేలు వానిని మీటుచుండును, శ్రోత వానిని పట్టించుకొనడు. ఆ మూడు తంత్రులను వేఱుచేసి మఱొకరి చేతికిచ్చినచో ఎట్లుండునో, ఈ లయగిటారు అట్లుండును.

చెప్పుట యింత సులభము. చేయుట మొదలిడిన పదునైదు దినములకు ఎడమచేతి వ్రేళ్లు కాగిన పెనము తాకినట్లయినవి. వ్రేళ్ల కొనలు కాయలు కాసినగాని నొప్పి తగ్గదు. గిన్నెలు కడిగిన చేతితో కూర్చున్నచో, కాసిన కాయ నీటికి మెత్తబడి మరల మొదటికి వచ్చును. ఈ సంగతి ఏ పుస్తకమునను మేము చూడలేదు. గిన్నెలు కడుగనివారు వ్రాసిన పుస్తకములు కాబోలు! కనుక రాత్రి భోజనములైన వెంటనే, అంట్లు అట్లే యుంచి, అరగంట వాయించి, పిమ్మట కడుగుట అలవాటు చేసికొంటిమి. మా వారు రెండు మూడు దినములు ఆ గిన్నెల కుప్పను చూచి, నాల్గవనాడు తామే కడుగ నారంభించిరి. పొరుగింటి ముసలమ్మ కిటికీ వద్దకు వచ్చి, “ఏందమ్మా పంతులమ్మా, గా డబ్బ సప్పుడు?” అని యడిగినది. వినబడుటయే కాక చప్పుడుగా వినబడినందుకు మాకు కోపము రాలేదు. మూయవలసిన తంత్రులు సరిగా మూసితిమన్నమాట.

లయను కొలుచు యంత్రము, మెట్రోనోము, నేడు ఫోనులోనే యున్నది. తమ్ముడు మాకొక కఠినపరీక్ష పెట్టినాడు. యంత్రమును నిమిషమునకు 60 చప్పుళ్లకు పెట్టి, ఆ చప్పుళ్లను ఒకటి మూడు గణనములుగా గాక రెండు నాలుగు గణనములుగా భావించి, 120 గతిలో వాయింపవలెనట. మొదట నాలుగు ఆవర్తములు గడువకమునుపే యంత్రపు చప్పుడు మాకు తెలియకయే ఒకటవ గణనము మీదికి జారుచుండెను. యంత్రము జారునా! జారినది మేము. మా గర్వమునకు మొదటి దెబ్బ యదియే.

తమ్ముడును మేమును ఫోనులో ఎదురెదుర కూర్చుండి కలిసి వాయింపవచ్చునని తలచియుంటిమి. అది కుదురని పని. నారాయణఖేడునకు డల్లాసు 14,000 కిలోమీటర్ల మేర దూరము. గాజుతంతువులో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోవును. తిన్నగా పోయినను మా మీటు వానిని చేరుటకు సెకనులో 14వ భాగము పట్టును. దారి తిన్నగా నుండదు, యంత్రములు శబ్దమును మూటగట్టి విప్పుటకు మఱికొంత పట్టును. మేము మీటినది వాడు ఆలస్యముగా విని దానిపై వాయించును. అది మఱింత ఆలస్యముగా మమ్ము చేరును. వానికొఱకు మేమాగుదుము, మాకొఱకు వాడాగును. రెండు నిమిషములకు పాట చచ్చును. మాటలాడుకొనుటకు అడ్డురాని దూరము లయకు అడ్డువచ్చినది. ఇక నుపాయ మొక్కటే: మేము లయను ముందుగా పట్టి పంపవలెను, వాడు దానిపై ఫిడేలు వాయించి కలుపవలెను. మేము తప్పినచో దిద్దుటకు ఎదుట ఎవరును లేరు. వాని పాట నిలుచుటకు మా మూడు నిమిషములే నేల.

పాట శాన్ ఆంటోనియో రోజ్, విల్స్ 1938లో డల్లాసుననే రికార్డు చేసినది. మేము మొదట పంపినదానిని తమ్ముడు కంప్యూటరుపై కొలిచి వ్రాసినాడు: “120తో మొదలైనది, 131తో ముగిసినది. అక్కా, బస్సు తప్పిపోవునని పరుగెత్తుచున్నావా?” రెండవది 129. మూడవది పంపలేదు.

ఆ రాత్రి మాకు కలిగిన చింత గిటారును గూర్చినది కాదు. చిన్ననాడు తండ్రిగారు కసరినప్పుడెల్ల, తప్పు తమ్మునిదని, మేము ఆడపిల్లమగుటచే పడితిమని, ఇన్నేండ్లు నమ్మియుంటిమి. ఆ తప్పు నిజముగా మా తాళముదేనా? వారిప్పుడు మా యింటనే యున్నారు. చేయి వణకుటచే ఫిడేలు ముట్టి మూడేండ్లయినది. గిటారనిన వారికి మొదటి నుండియు చులకన. “దేశాంతరపు డబ్బా” అనెడివారు. మా వారొకనాడు, మీ చేతి ఫిడేలు మాత్రము ఏ దేశముది, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల వద్ద నేర్చి తెచ్చినది కాదా, అనగా వారు నవ్వి యూరకుండిరి. పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండలిన్ వాయింపగా రేడియో కంటుకొని వినినవారు వారే. శ్రీనివాస్ ఆ వాద్యపు జంటతంత్రులను తీసివేసి, ఒంటితంత్రులు ఐదు కట్టుకొని మన రాగములను పలికించెను. విచిత్రమేమనగా, విల్స్ మేళమున మాండలిన్ వాయించిన టైనీ మూర్ 1952లో విద్యుత్తుతో మ్రోగు ఐదు ఒంటితంత్రుల మాండలిన్‌నే చేయించుకొనియుండెను. టెక్సాసు, పాలకొల్లు! ఇంకొక ముచ్చట. శ్రీనివాస్‌కు గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివాడు, పిల్లవాడు వాయించెడివాడు. వాద్యము రాని గురువు కూడ చెప్పగలడన్న ధైర్యముతోనే, మఱునాడు కాఫీ ఇచ్చునపుడు తండ్రిగారి ముందు గిటారు పెట్టుకొని కూర్చుంటిమి.

వారు కన్నులు మూసికొని ఒక నిమిషము వినిరి. “పట్టు మాఱుటకు ముందు పరుగెత్తుచున్నావు” అనిరి. “వ్రేళ్లు అందవేమో యను భయము. భయపడినచోట ముందుగా పోయి కూర్చుందువు.”

అప్పుడడిగితిమి: “చిన్నప్పుడును ఇట్లే పరుగెత్తితినా, నాయనా?”

“లేదు. అప్పుడు ఆగెడిదానవు. వాడు తడబడినచోట వానికొఱకు నీ చేయి ఆగెడిది. వాని తప్పు వానికి తెలియకుండ కప్పెడిదానవు. అందులకే కసరితిని.” మఱి కొంతసేపటికి, “ఆ సంగతి చెప్పి కసరవలసినది” అనిరి.

మేము లోపలికి పోయి పాలు పొంగినవేమో చూచి వచ్చితిమి. పొంగలేదు.

తరువాతి కొన్ని వారములు మాకు లయ నేర్పినది జొన్నరొట్టె. మా వైపు జొన్నరొట్టె లేని పూట తక్కువ. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు. ఒక చేత తట్టుచు, రెండవ చేత త్రిప్పుచు, ఒకే తీరున తట్టవలెను. చేయి తొందరపడినచో అంచు చీలును. రొట్టె తట్టునపుడు మేము పరుగెత్తుట లేదని గమనించితిమి. చీలిన అంచు వెంటనే కంటబడుటచేత కాబోలు. ప్రక్కన యంత్రమును 60కి పెట్టి, చప్పుడు రెంట నాల్గిట పడునట్లు రొట్టెలు తట్టితిమి. మొదట రెండు రొట్టెలు చెడినవి; ఆవు తిన్నది. పిదప అదే చేతితో, అదే గతితో, గిటారు పట్టితిమి. పట్టు మాఱుచోట నోటితో గణనము పైకి చెప్పుట మఱొక యుపాయము. నోరు పరుగెత్తినచో చెవికి తెలియును. నాల్గవ గణనమున ఒక వ్రేలే కదలవలెనని ముందే యెఱిగియున్న చేతికి భయపడుటకు కారణము లేదని తెలియుటకు రెండు నెలలు పట్టినది.

ఏడవసారి పంపినది 120తో మొదలై 121తో ముగిసినది. తమ్ముడు కొలిచిన సంఖ్యతోబాటు ఫిడేలు కలిపిన పాటను పంపినాడు. ఆదివారము మధ్యాహ్నము ఫోనును గోడ బల్లపై పెట్టి యందఱమును వింటిమి. పిల్లలు రెండవ చరణమునకే కాళ్లాడించిరి. తండ్రిగారు ఆద్యంతము కదలక విని, “వాని కమాను ఇంకను కుఱచయే. చివర గమకము వదలినాడు. మొత్తమునకు బాగున్నది. మరల పెట్టుము” అనిరి. గిటారు మాట యెత్తలేదు. మా వారు చెప్పబోగా మేము సైగ చేసితిమి.

మరల పెట్టితిమి. ఈసారి తండ్రిగారి కుడిచేయి తొడపై పడుచుండెను, రెంటను, నాల్గిటను.

తమ్ముడు తరువాతి పాట వాల్ట్జు, మూడు గణనములది, అని వ్రాసినాడు. పట్టు మొదటి మెట్టు నుండి మొదలగునట. అచ్చట తంత్రులు మఱింత గట్టిగా నుండును. ఈ గిటారున ఆ చివరి పలక కొంచెము ఎత్తుగా నున్నది. దానిని అరగదీయువారు హైదరాబాదున దొరకుదురు. దసరా సెలవులలో పోవలెను.